పేరు చెప్పిన మనిషి: సిసిలీ డిటెక్టివ్ నవలలు, నాచారం చదువరులు

డిటెక్టివ్ నవలల గురించి మన సాహిత్య విమర్శ గౌరవంగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. వాటిని చదివిన ఆడవాళ్ల గురించి మాట్లాడిన సందర్భాలు ఇంకా తక్కువ. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో పాంచ్‌కడీ దే అపరాధ పరిశోధక నవలలు బెంగాలీ నుంచి తెలుగులోకి వచ్చాయి. 1950ల తర్వాత కొమ్మూరి సాంబశివరావు సృష్టించిన డిటెక్టివ్ యుగంధర్, అతని అసిస్టెంటు రాజు మద్రాసులో ఉంటూనే తెలుగు ఇళ్లన్నిటికీ తెలిసిన మనుషులయ్యారు. ఆరుద్ర రాశాడు, టెంపోరావు రాశాడు, ఆ తర్వాత మధుబాబు షాడో వచ్చాడు. ఇవన్నీ అద్దె లైబ్రరీల్లో చేతులు మారి, అట్టలు ఊడి, మళ్లీ కుట్టించుకుని తిరిగిన పుస్తకాలు. అదే అరల్లో యద్దనపూడి సులోచనారాణి, మాదిరెడ్డి సులోచన, రంగనాయకమ్మ ఉండేవాళ్లు. మా అమ్మ ఒకే వారంలో ఒక యద్దనపూడినీ, ఒక యుగంధర్‌నీ తెచ్చుకునేది. వంట చేస్తూ ఒకటి, అందరూ పడుకున్నాక ఇంకొకటి. విమర్శకులు మాత్రం మొదటి రకానికి 'ఆడవాళ్ల నవల' అనీ, రెండో రకానికి 'కాలక్షేపం' అనీ పేర్లు పెట్టి రెండింటినీ చెరో మూలకి నెట్టేశారు. ఆ రెండూ ఒకే స్త్రీ చేతిలో ఉన్నాయన్న సంగతి వాళ్లకి పట్టలేదు.

యుగంధర్ నవలల్లో హత్య సాధారణంగా ఒక ఇంటి చుట్టూ తిరుగుతుంది. ఆస్తి, వీలునామా, అసూయ, పాత పగ. చివరి పేజీల్లో డిటెక్టివ్ అందర్నీ కూర్చోబెట్టి దోషి పేరు చెప్తాడు, పోలీసులు తీసుకుపోతారు. ఈ కథలకి ఒక పునాది నమ్మకం ఉంది. నిజం తెలియడమే కష్టం, తెలిశాక న్యాయం తనంతట తనే జరుగుతుంది. ఆ నమ్మకం లేని డిటెక్టివ్ నవల ఎలా ఉంటుంది? దోషి ఎవరో మొదటి నుంచీ ఊరందరికీ తెలిసి, ఎవరూ పేరు పలకని చోట డిటెక్టివ్ చేసేదేముంది? ఈ ప్రశ్న మా చదువరుల బృందాన్ని ఒక ఏడాది పాటు ఇటలీ నవలల వెంట తిప్పింది.

మేము ఉప్పల్, నాచారం, హబ్సిగూడ, రామంతాపూర్ చుట్టుపక్కల ఉండే ఎనిమిది మందిమి. నెలకో ఆదివారం మధ్యాహ్నం నాచారంలో ఒకరి ఇంట్లో కలుస్తాం. రిటైరైన తెలుగు టీచరు, ఒక వకీలు, ఒక బ్యాంకు ఉద్యోగి, పరిశోధన సంస్థలో ల్యాబ్ టెక్నీషియన్, ఎం.ఎ. చదివే అమ్మాయి, చిలుకానగర్‌లో టైలరింగ్ షాపు నడిపే అక్క, భువనగిరి వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ఒక పెద్దమ్మ, నేను. మాలో ముగ్గురు ఇంగ్లీషు చదవరు. కాబట్టి ఇటాలియన్ నుంచి ఇంగ్లీషులోకి వచ్చిన నవలని నేను అధ్యాయాలుగా తెలుగులో చెప్తాను, ముఖ్యమైన చోట్ల అప్పటికప్పుడు అనువదించి చదువుతాను. ఈ పద్ధతి మాకు కొత్తదేమీ కాదు. స్వాతి మాసపత్రికలో మాలతీ చందూర్ 'పాత కెరటాలు' శీర్షికలో ఎన్నో ఏళ్లు చేసింది ఇదే. ప్రపంచ నవలని తెలుగు స్త్రీల వంటింటి దాకా తెచ్చిన ఆమెకి విశ్వవిద్యాలయాల్లో దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదని నా అభిప్రాయం.

ఇటలీనే ఎందుకంటే వకీలు మిత్రురాలు అడిగిన ఒక మాట వల్ల. "రోజూ పేపర్లో భూ మాఫియా, ఇసుక మాఫియా, కల్తీ మాఫియా అంటారు. అసలు ఆ మాట పుట్టిన చోట వాళ్లు దాని గురించి ఏం రాసుకున్నారు?" అందామె. మనకి తెలిసిన మాఫియా అంతా మారియో ప్యూజో 1969లో రాసిన 'గాడ్‌ఫాదర్' నుంచి, 1972లో వచ్చిన దాని సినిమా నుంచి, వాటి నీడలో తయారైన మన తెలుగు, హిందీ సినిమాల నుంచి వచ్చింది. ఆ సినిమా చివర్లో కొత్త పెద్ద చేతిని అనుచరులు ముద్దాడుతుంటే అతని భార్య మొహం మీద తలుపు మూస్తారు. ప్రేక్షకులుగా మనల్ని అంతసేపూ తలుపుకి లోపలి వైపు, మగవాళ్ల గదిలో కూర్చోబెట్టిన కథ అది. తలుపుకి బయట నిలబడి రాసిన కథలు కావాలనుకున్నాం.

మాఫియా అన్న మాటకి ప్రచారం వచ్చింది 1863లో పలెర్మో జైలు నేపథ్యంగా ఆడిన ఒక సిసిలియన్ నాటకం వల్ల. ఆ తర్వాత దాదాపు వందేళ్లు ఇటలీలో పెద్దమనుషులు అనేకులు చెప్పిన మాట ఒకటే: అలాంటిదేమీ లేదు, అది సిసిలీ వాళ్ల స్వభావం, వాళ్ల పౌరుషం, ఉత్తరాది వాళ్లు కట్టిన కథ. పార్లమెంటు విచారణ సంఘం వేయడానికి 1962 దాకా ఆగాల్సి వచ్చింది. మాఫియా ముఠాలో సభ్యుడిగా ఉండటమే నేరమన్న చట్టం 1982 సెప్టెంబర్లో వచ్చింది. దాన్ని ప్రతిపాదించిన కమ్యూనిస్టు నాయకుడు పియో లా తోర్రేని ఏప్రిల్లో, పలెర్మోకి ప్రిఫెక్టుగా వచ్చిన జనరల్ దల్లా కియేజాని, అతని భార్య ఎమ్మాన్యుయేలాని సెప్టెంబర్ 3న చంపిన తర్వాత. ఇక్కడ వకీలు ఒక సంగతి గుర్తుచేసింది. మన ఆంధ్రప్రదేశ్ భూ ఆక్రమణల నిషేధ చట్టం కూడా 1982దే. ఒంటరిగానూ గుంపులుగానూ భూములు ఆక్రమించే వాళ్లున్నారని ఆ చట్టమే ఒప్పుకుంది. భూమి లాక్కోవడాన్ని వ్యవస్థీకృత నేరాల జాబితాలో చేర్చిన భారతీయ న్యాయ సంహిత 111వ సెక్షన్ 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చింది. పేరు పెట్టడానికే ఇన్నేళ్లు పట్టింది మనకి కూడా.

పేరు లేని దానికి నవలలో పేరు పెట్టిన రచయిత లెయొనార్దో షాషా. 1921లో గంధకపు గనుల ఊరు రకల్ముతోలో పుట్టి, బడిపంతులుగా పనిచేశాడు. మాఫియాని సూటిగా కథావస్తువు చేసిన అతని చిన్న నవల 'ఇల్ జోర్నో దెల్లా చివెత్తా' 1961లో వచ్చింది. 'గుడ్లగూబ పగలు' అనుకోవచ్చు. ఇంగ్లీషులో 'ద డే ఆఫ్ ద ఔల్'. 1947 జనవరిలో షాక్కా పట్టణంలో రైతులకి భూముల కోసం పోరాడిన కార్మిక నాయకుడు అక్కూర్సియో మిరాల్యా హత్య దీనికి ప్రేరణ. నవల చివర రాసిన మాటలో షాషా, ఏడాది పాటు కూర్చుని ఈ పుస్తకాన్ని చిన్నది చేశాననీ, చట్టం భయం వల్ల రాయాల్సినంత స్వేచ్ఛగా రాయలేదనీ దాపరికం లేకుండా చెప్పుకున్నాడు.

కథ తెల్లవారుజామున బస్సు దగ్గర మొదలవుతుంది. ముఠాకి రక్షణ సొమ్ము కట్టనన్న చిన్న బిల్డరు కొలస్బెర్నా పలెర్మో బస్సు ఎక్కబోతుండగా కాల్చి చంపుతారు. బస్సులో ఉన్న జనమంతా మెల్లగా జారుకుంటారు. పక్కనే శెనగపిండి వేపుడు ముక్కలు అమ్ముకునే వాడిని పోలీసులు అడిగితే, ఎవరన్నా కాల్చారా ఏమిటని వాడే ఎదురు ఆశ్చర్యపోతాడు. ఈ సన్నివేశం చెప్పినప్పుడు మా గదిలో అందరూ నవ్వారు. ఉప్పల్ రింగురోడ్డు దగ్గర తెల్లవారుజామున బస్సు కోసం నిలబడ్డ వాళ్లకి ఆ బస్సు, ఆ బజ్జీల బండి, ఆ మసక వెలుతురు బాగా తెలుసు.

దర్యాప్తుకి వచ్చేది కెప్టెన్ బెల్లోది. ఉత్తరాది పార్మా వాడు, ఫాసిజానికి వ్యతిరేకంగా పోరాడినవాడు, చట్టం మీద నమ్మకం ఉన్నవాడు. హంతకుడు పారిపోతుండగా చెట్లు కత్తిరించే నికొలోజీ అనే కూలీ చూస్తాడు, మాయమైపోతాడు. అతని భార్య పోలీస్ స్టేషన్‌కి వస్తుంది. ఇంటి నుంచి బయటికి వెళ్తూ భర్త తనతో అన్న మారుపేరొకటి కెప్టెన్‌కి చెప్తుంది. ఆ ఒక్క మాటతో దర్యాప్తు కదులుతుంది. తుపాకి కాల్చిన వాడు, డబ్బిచ్చిన వాడు, వెనకున్న పెద్ద డాన్ మరియానో వరకూ తీగ లాగుతాడు బెల్లోది. రోమ్‌లో పలుకుబడి ఉన్నవాళ్లు కదులుతారు. బెల్లోది సెలవు మీద పార్మా వెళ్లగానే గట్టి సాక్ష్యాలు పుట్టుకొచ్చి కేసు కుప్పకూలుతుంది. మరి నికొలోజీని ఎవరు చంపినట్టు? నేరం అతని భార్య వైపూ, ఆమెకి అంటగట్టిన ప్రియుడి వైపూ మళ్లుతుంది. ప్రేమ వ్యవహారంలో జరిగిన హత్య. ఫైలు మూసుకుంటుంది.

షాషా మీద వచ్చిన విమర్శ ఎక్కువగా బెల్లోది, డాన్ మరియానోల మధ్య నడిచే సంభాషణ చుట్టూ తిరుగుతుంది. డాన్ మరియానో మనుషుల్ని ఐదు తరగతులుగా విడగొడతాడు. అసలైన మగాళ్లు, సగం మగాళ్లు, అలా కిందికి దిగి చివరికి బాతులా శబ్దం చేసే వాళ్ల వరకూ. ఇటలీలో ఆ ఐదు మాటలూ సామెతల్లా స్థిరపడ్డాయి. ఆ ఐదు తరగతుల్లోనూ స్త్రీ లేదు. మా ఎం.ఎ. అమ్మాయి ఈ మాట అన్నప్పుడు టీచరుగారు, "లెక్కలో లేని మనిషే కదమ్మా పేరు చెప్పింది" అన్నారు. నేను ఆ నవల ఇంతకు ముందు రెండుసార్లు చదివాను. ఈ మాట నాకు ఏ విమర్శ వ్యాసంలోనూ కనిపించలేదు.

మా బృందంలో పెద్ద వాదన జరిగింది ఆ భార్య గురించే. బ్యాంకు ఉద్యోగినికి షాషా మీద కోపం వచ్చింది. నవలని నడిపించిన సాక్షికి ఒక్క సన్నివేశం ఇచ్చి, చివర్లో ఆమెని ఎవరూ పట్టించుకోకుండా వదిలేశాడు, ఆమె ఏమైందో కూడా చెప్పలేదు అంది. వకీలు ఒప్పుకోలేదు. వదిలేసింది రచయిత కాదు రాజ్యం, రచయిత దాన్ని చూపించాడు అంది. అప్పటిదాకా మాట్లాడని టైలరక్క ముక్కు మీది కళ్లజోడు తీసి చెప్పడం మొదలుపెట్టింది.

ఆమె ఉండే గల్లీ చివర ఒక ఖాళీ ప్లాటు ఉంది. ఒక ఒంటరి ముసలాయన ఎప్పుడో కొనుక్కుని ప్రహరీ కట్టుకున్నాడు. ఒక రాత్రి మనుషులు వచ్చి గోడ కూలగొట్టి, తెల్లారేసరికి వేరే బోర్డు పాతారు. అక్క కిటికీలోంచి చూసింది. వచ్చిన వాళ్లలో ఒకణ్ణి గుర్తుపట్టింది. అడిగితే చెప్పింది, రాసిన కాగితం మీద సంతకం పెట్టింది. "నాకు అర్థమైంది చెల్లె ఆమె సంగతి. గోడ ఎవరు కూలగొట్టిండ్రని నన్నెవరు అడుగలే. రాత్రి రెండు గంటలకు నువ్వెందుకు మేలుకొని ఉన్నవ్ అని అడిగిండ్రు. పెండ్లిళ్ల సీజన్ల బ్లౌజులు కుడుతున్ననంటే నవ్విండ్రు. గప్పటి సంది గల్లీల నా ముచ్చటే."

ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. సాక్ష్యాన్ని శీలం కిందికి మార్చడం సిసిలీకి పరిమితమైన విద్య కాదని చెప్పడానికి హైదరాబాదు వాళ్లకి ఉదాహరణలు వెతుక్కోవాల్సిన పని లేదు. ఉప్పల్ నుంచి కాసింత దూరంలోని నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో 1978 మార్చిలో రమీజాబీ మీద అత్యాచారం జరిగింది, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ పోలీసుల దెబ్బలకి చనిపోయాడు. ఊరు భగ్గుమంది. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని దోషులుగా తేల్చింది. అయినా విచారణ పొడుగునా నిలబెట్టింది రమీజాబీనే. ఆమె ఎవరెవర్ని పెళ్లాడింది, ఎలాంటిది అన్న ప్రశ్నలే. కేసు రాయచూరుకి బదిలీ అయి 1981లో నిందితులు నిర్దోషులుగా బయటికొచ్చారు. హైదరాబాదు స్త్రీవాద ఉద్యమం ఊపిరి పోసుకున్న సందర్భాల్లో అది ఒకటి. షాషా 1961లో కల్పించిన ముగింపుని మన ఊళ్లో కమిషన్లు, కోర్టులు, పత్రికలు నిజం చేసి చూపించాయి.

తర్వాతి నెలల్లో ఆంద్రెయా కమిల్లేరి దగ్గరికి వచ్చాం. అందరం కాస్త తేలికపడ్డాం. కమిల్లేరి 1925లో సిసిలీ తీరంలోని పోర్తో ఎంపేదొక్లేలో పుట్టాడు, నాటకాలూ టీవీ కార్యక్రమాలూ చేశాడు, 1994లో తొలి మొంతల్బానో నవల వచ్చేసరికి డెబ్భైకి దగ్గర పడ్డాడు. 2019లో చనిపోయాడు. ముందే రాసి దాచిపెట్టిన చివరి నవల 'రిక్కార్దీనో' 2020లో వచ్చింది. ఈ పుస్తకాల వెనక ఒక స్త్రీ ఉందన్న సంగతి మా వాళ్లకి నచ్చింది. పలెర్మోలో 1969లో భర్తతో కలిసి ప్రచురణ సంస్థ పెట్టిన ఎల్వీరా సెల్లేరియో, షాషా సలహాలతో దాన్ని నిలబెట్టింది, మొంతల్బానోని చిన్న నీలం అట్టల పుస్తకాలుగా దేశమంతా నడిపించింది.

కమిల్లేరికి షాషా మీద గౌరవం ఉన్నా ఒక అభ్యంతరం ఉంది. డాన్ మరియానో పాఠకుణ్ణి ఆకట్టుకునే మనిషిగా తయారయ్యాడని. మాఫియా వాణ్ణి కథకి నడిమధ్యలో నిలబెడితే ఎంత తిట్టినా వాడికి గొప్పతనం వచ్చేస్తుందని అతని వాదన. అందుకే తన నవలల్లో వాళ్లని వెనక వరసలో ఉంచాడు. కాంట్రాక్టుల్లో, వంతెనల్లో, రాజకీయ నాయకుల ఫోన్లలో వాసనలా ఉంటారు. ఇది మన ఫ్యాక్షన్ సినిమాలకి గట్టిగా తగిలే మాట. 1999లో 'సమరసింహారెడ్డి', 2002లో 'ఇంద్ర' తర్వాత రాయలసీమ హత్యలు తొడ చప్పుళ్లుగా మారాయి. 1998లో కృష్ణవంశీ 'అంతఃపురం' ఒక్కటి ఆ ఇంటిని బయటి నుంచి వచ్చిన కోడలి కళ్లతో, బిడ్డని తీసుకుని పారిపోవాలనుకునే తల్లి కళ్లతో చూపించింది. టీచరుగారు, "ఆ సినిమాలో నాకు భయం వేసింది, మిగతా వాటిలో మా మనవళ్లు ఈలలు వేశారు" అన్నారు. కమిల్లేరి చెప్పింది అదే.

అయితే ఇన్‌స్పెక్టర్ మొంతల్బానో అందర్నీ మెప్పించలేదు. అతను మంచివాడు, తిండిపోతు, చిరాకు మనిషి, పెద్దల మాట వినడు. అతని ప్రియురాలు లివియా ఎప్పుడూ ఉత్తరాన జెనోవా దగ్గరే ఉంటుంది, ఫోన్లో కొట్లాడుకుంటారు. ఇంట్లో అదెలీనా వండిపెట్టి ఫ్రిజ్‌లో ఉంచి వెళ్తుంది. ఆమె కొడుకులు దొంగతనాల్లో జైలుకి పోయి వస్తుంటారు. "ముప్పై పుస్తకాల దాకా తిన్నాడు, ఒక్క రోజన్నా గిన్నె కడిగాడా?" అని ల్యాబ్ టెక్నీషియన్ అడిగింది. అందరం నవ్వినా ఆ ప్రశ్న న్యాయమైనదే. కమిల్లేరి అన్యాయాన్ని ప్రతిచోటా చూస్తాడు, అదెలీనా వంటగదిలో మాత్రం అతనికి రుచి కనిపిస్తుంది, శ్రమ కనిపించదు.

'ఇల్ లాద్రో ది మెరెందీనె' (1996) మీద మాత్రం అందరి అభిప్రాయమూ మారింది. బడి పిల్లల చిరుతిళ్లు దొంగిలించే ఒక చిన్నపిల్లాడు ఫ్రాన్స్వా. వాడి తల్లి కరీమా ట్యునీషియా నుంచి వచ్చి ఇళ్లు తుడిచి బతికే మనిషి, ఒళ్లు అమ్ముకోక తప్పనిది. రాజ్యానికి చెందిన గూఢచారులే తమ అవసరాలకి వాడుకున్న వ్యవహారంలో ఆమె ప్రాణం పోతుంది. ఇక్కడ చంపింది కోటు వేసుకున్న ప్రభుత్వమా, తుపాకి పట్టిన ముఠానా అన్న తేడా మాసిపోతుంది. పెద్దమ్మ ఆ పిల్లవాడి కథ రెండుసార్లు చెప్పించుకుంది.

నవలల పక్కనే అసలు మనుషుల చరిత్ర కూడా చదవాలని నేను పట్టుబట్టాను. మాఫియా గురించి రాసిన వాళ్లు ఎక్కువ మంది మౌనాన్ని సిసిలీ వాళ్ల రక్తంలోని గుణంలా వర్ణించారు. స్త్రీల చరిత్ర చూస్తే మౌనం గుణం కాదనీ, రోజూ కాపలా కాసి చేయించుకునే పని అనీ తెలుస్తుంది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త రెనాతె సీబెర్ట్ 1994లో ఇటాలియన్‌లో తెచ్చిన పుస్తకం స్త్రీలనీ మాఫియానీ కలిపి చూసిన ముఖ్యమైన తొలి పరిశీలనల్లో ఒకటి. ఆమె చూపించే స్త్రీలలో బాధితులే కాదు, కొడుకులకి పగ నూరిపోసే తల్లులూ ఉన్నారు.

1965 డిసెంబర్ 26న అల్కామోలో పదిహేడేళ్ల ఫ్రాంకా వియోలాని మాఫియా కుటుంబంతో సంబంధమున్న ఒకడు ఎత్తుకుపోయి అత్యాచారం చేశాడు. పెళ్లి చేసుకుంటే నేరం రద్దయ్యే చట్టం ఉంది అప్పుడు. ఆమె పెళ్లికి ఒప్పుకోలేదు. తండ్రి ఆమె పక్కన నిలబడ్డాడు. వాడికి శిక్ష పడింది. ఆ చట్టాన్ని తీసేయడానికి మాత్రం 1981 దాకా పట్టింది. 1962లో కొడుకుని చంపిన వాళ్ల పేర్లు కోర్టులో చెప్పిన సెరఫీనా బత్తాల్యా, మాఫియా మీద బహిరంగంగా సాక్ష్యమిచ్చిన తొలి స్త్రీగా నిలిచింది. ఆ శిక్షలు పై కోర్టుల్లో నిలవలేదు. చినిజీలో ఫెలీచియా ఇంపస్తాతో భర్త ముఠా మనిషి, కొడుకు పెప్పీనో ముఠాకి వ్యతిరేకంగా రేడియోలో మాట్లాడినవాడు. 1978 మే 9న అతన్ని చంపి రైలు పట్టాల మీద పేల్చేస్తే, బాంబు పెట్టబోయి తనే పోయాడని ముందు ప్రచారం చేశారు. ఆ తల్లి ఇంటి తలుపులు తెరిచి వచ్చిన ప్రతి వాళ్లకీ కథ చెప్తూ కూర్చుంది. 2002లో ముఠా పెద్ద బదలమెంతికి యావజ్జీవ శిక్ష పడ్డాక, 2004లో కన్ను మూసింది.

రీతా అత్రియా గురించి చెప్పిన రోజు ఎం.ఎ. అమ్మాయి ఏడ్చింది. పర్తన్నాలో ముఠా కుటుంబంలో పుట్టిన పిల్ల. తండ్రినీ అన్ననీ చంపారు. పదిహేడేళ్ల వయసులో, వదిన పియెరా ఐయెల్లో దారిలో న్యాయమూర్తి బోర్సెల్లీనో దగ్గరికి వెళ్లి తెలిసిందంతా చెప్పింది. 1992 జూలై 19న పలెర్మోలో బోర్సెల్లీనోని, ఐదుగురు రక్షక పోలీసుల్ని బాంబుతో చంపారు. ఆ ఐదుగురిలో ఎమ్మాన్యుయేలా లోయి ఒక స్త్రీ. వారం తర్వాత జూలై 26న రోమ్‌లో రీతా కిటికీలోంచి దూకి చనిపోయింది. తల్లి వచ్చి సమాధి మీది ఫోటోని సుత్తితో పగలగొట్టింది. రీతా నేరస్తురాలు కాదు, కానీ నేరస్తులుగా ఉండి మారిన వాళ్లకీ, కేవలం నిజం చెప్పిన వాళ్లకీ తేడా చూపే చట్టం ఇటలీలో 2001లో గానీ రాలేదు. పియెరా ఐయెల్లో 2018లో పార్లమెంటుకి ఎన్నికైంది.

ఇదంతా విన్నాక భువనగిరి పెద్దమ్మ, "మన లలిత లేదా బిడ్డా?" అంది. ఉప్పల్ నుంచి వరంగల్ రోడ్డు పట్టుకుని ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే సుమారు 40 కిలోమీటర్లలో భువనగిరి. అక్కడ నూలు మిల్లులో పనిచేస్తూ, తెలంగాణ కళాసమితిలో పాడుతూ జనాన్ని కదిలించిన బెల్లి లలితని 1999 మేలో చంపి, శరీరాన్ని 17 ముక్కలు చేశారు. ఆ హత్యకి నయీం ముఠా పేరు వినిపించింది. ఒకప్పుడు నక్సలైటుగా ఉన్న నయీం తర్వాత పోలీసుల అండతోనే హత్యలూ భూ దందాలూ చేస్తున్నాడని పౌరహక్కుల సంఘాలు ఏళ్ల తరబడి ఆరోపించాయి. 2016 ఆగస్టు 8న షాద్‌నగర్‌లో ఎన్‌కౌంటర్‌లో అతను చనిపోయాడు. తనతో పాటు చెప్పాల్సిన పేర్లన్నీ పోయాయి. పెద్దమ్మ లలిత పాట విన్న మనిషి. ఆ హత్య తర్వాత కొన్నాళ్లు తమ వైపు ఆడపిల్లల్ని పాడనివ్వలేదని చెప్పింది. "మాకు గా పేరు తెలుసు. అందరికి తెలుసు. నీళ్లకాడ కూడ అనకపోయేది."

బెల్లి లలిత మీద పాటలు వచ్చాయి, కవితలు వచ్చాయి. తెలుగు డిటెక్టివ్ నవల మాత్రం ఆ రోడ్డు ఎక్కలేదు. మద్రాసు బంగళాల్లో అంత చురుగ్గా తిరిగిన మన డిటెక్టివ్, దోషి ఎవరో ఊరందరికీ తెలిసిన చోటికి రాలేకపోయాడు. అలాగని ఆ పని తెలుగులో ఎవరూ చేయలేదని నేననను. 1974లో ఏర్పడ్డ ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం, తర్వాత వచ్చిన మానవ హక్కుల వేదిక, స్త్రీల సంఘాలు వేసిన నిజనిర్ధారణ నివేదికలు నా దృష్టిలో మన అసలైన అపరాధ పరిశోధక సాహిత్యం. ఒక బృందం ఊరికి వెళ్తుంది, పోలీసు కథనం రాసుకుంటుంది, బావి దగ్గర ఆడవాళ్లని అడుగుతుంది, రెండింటికీ పొసగని చోట వేలు పెడుతుంది. ఎవరి పేరు రాయాలి, ఎవరి పేరు దాచాలి అన్నది వాళ్లకి ప్రాణం మీది ప్రశ్న. బాలగోపాల్ రాసిన పద్ధతిలో అయితే చల్లని, సూటి వాక్యాలు. చట్టానికి దొరక్కుండా ఏడాది పాటు వాక్యాలు కోసుకున్న షాషాకి ఆ వచనం బాగా అర్థమయ్యేది. సాహిత్య విద్యార్థులుగా మనం ఆ నివేదికల్ని పత్రాలుగా చూశాం, రచనలుగా చదవలేదు. స్త్రీశక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర'లో తెలంగాణ పోరాట స్త్రీల మాటల్ని వాళ్ల గొంతుతోనే అచ్చు వేసి దారి చూపించాక కూడా.

మా అభిప్రాయాలు ఏడాది చివరికి ఒక్కటేమీ కాలేదు. వకీలు షాషాని ఎన్నుకుంది, ల్యాబ్ టెక్నీషియన్ గిన్నెలు కడగకపోయినా మొంతల్బానోనే కావాలంది. టీచరుగారు యుగంధర్‌ని వదులుకోనన్నారు. చివరి పేజీలో దోషి పేరు గట్టిగా చెప్పే మనిషి ఒకడుండాలన్న కోరిక చిన్నది కాదని ఆవిడ వాదన. నాకూ అదే అనిపిస్తుంది. ఆ పేరు చెప్పే పని ఇప్పటిదాకా నవలల్లో డిటెక్టివ్ చేశాడు, చరిత్రలో మాత్రం ఎక్కువసార్లు ఒక భార్యో, తల్లో, కూతురో, కిటికీ పక్కన బ్లౌజు కుడుతున్న ఆడమనిషో చేసింది. డిటెక్టివ్‌కి సెలవు దొరుకుతుంది, పార్మా వెళ్లి రావచ్చు. ఆమె మాత్రం మర్నాడు అదే గల్లీలో పాలపాకెట్ కోసం వెళ్లాలి.

సాక్షుల రక్షణకి 2018లో సుప్రీంకోర్టు ఆమోదించిన పథకం ఒకటి ఉందని వకీలు వివరించింది. దరఖాస్తు ఎలా పెట్టుకోవాలో తెలుగులో రాసిచ్చింది. టైలరక్క దాన్ని మడిచి టేపు పెట్టుకునే డబ్బాలో దాచుకుంది. ఆ ప్లాటు కేసులో ఆమెని కోర్టుకి పిలిచారు. "పేరు మళ్లోపాలి చెప్పాలె, అంతే కద" అంది. ఆ రోజు షాపు ఎవరు చూసుకోవాలో, ఆమెతో ఎవరెవరు వెళ్లాలో మాట్లాడుకున్నాం. పెద్దమ్మ కూడా వస్తానంది.